బ్యాకప్ తీసేసావా? టెక్ టీమ్‌లో తెలుగులో మాట్లాడుకుంటూనే తేడా కొట్టకుండా చూసుకోవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఆఫీసులో తెలుగు మానేసి ఇంగ్లీషులో మాట్లాడండి అని చెప్పడానికి ఇది రాయట్లేదు. నా అభిప్రాయం దానికి పూర్తిగా ఉల్టా. హైదరాబాద్‌లో అయినా బెంగళూరులో అయినా డల్లాస్‌లో అయినా నలుగురు తెలుగోళ్ళు ఒక టీమ్‌లో పడితే పని గురించి తెలుగులో మాట్లాడుకోవడమే ఫాస్ట్, ఏదైనా మొండి బగ్ పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ప్రతి వాక్యం ఇంగ్లీషులోకి మార్చుకుంటూ కూర్చుంటే అసలు ఆలోచనే ఆగిపోతుంది. కాకపోతే ఇంట్లో, టీ కొట్టు దగ్గర వాడే మాటల్నే మనం సర్వర్ల మీద, డేటాబేస్‌ల మీద కూడా వాడేస్తుంటాం. ఆ మాటల్లో చాలావాటికి రెండేసి అర్థాలు. ఎదురుగా మనిషి ఉంటే మొహం చూసి, గొంతు విని ఏ అర్థమో పట్టేస్తాం, చాట్‌లో అవేం ఉండవు కదా. అందుకని ఏ ఏ చోట్ల తేడా వస్తుందో, అక్కడ ఏం రాస్తే సరిపోతుందో నాకు తెలిసినంతలో చెప్తా.

తీసేయ్, లేపేయ్, కొట్టేయ్

అన్నిటికంటే డేంజర్ ఇవి, అందుకే వీటితో మొదలుపెడుతున్నా. ఈ చాట్ చూడండి, రాత్రి మైగ్రేషన్‌కి, అంటే డేటా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే పనికి, ముందు ఏ టీమ్‌లో అయినా జరిగేదే:

"బ్యాకప్ తీసేసావా?"
"ఆ తీసేసా అన్నా"
"సరే ఐతే స్టార్ట్ చేస్తున్నా"

అడిగినాయన ఉద్దేశం బ్యాకప్ తీసుకోవడం పూర్తయిందా అని. జవాబిచ్చిన అబ్బాయికి పొద్దున్నే ఇంకెవరో డిస్క్ నిండిపోయింది, పాత బ్యాకప్‌లు తీసేయ్ అని చెప్పారు, అతను వాటిని డిలీట్ చేసి కూర్చున్నాడు. ఇద్దరూ నిజమే మాట్లాడారు, ఇద్దరూ మంచి తెలుగే మాట్లాడారు, కానీ ఇప్పుడు మైగ్రేషన్ మధ్యలో ఏదైనా తేడా కొడితే వెనక్కి వెళ్ళడానికి ఏమీ లేదు. "బ్యాకప్ తీయ్" అంటే అనుమానం లేదు, తీసుకోమనే. దానికి "ఏయ్" తగిలించగానే "తీసుకోవడం ముగించెయ్" అనీ అవుతుంది, "తొలగించెయ్" అనీ అవుతుంది. డంప్, స్నాప్‌షాట్, లాగ్స్ అన్నిటికీ ఇదే గొడవ.

లేపు, లేపేయ్ కూడా ఇంతే. పాడ్ అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్ అనుకోండి. "ఆ పాడ్ లేపు" అంటే స్టార్ట్ చెయ్. "ఆ పాడ్ లేపేయ్" అంటే సగం మందికి త్వరగా స్టార్ట్ చేసెయ్, ఇంకో సగం మందికి దాన్ని లేకుండా చెయ్. ఇక "కమాండ్ కొట్టు" అంటే టైప్ చేసి రన్ చెయ్ అని అందరికీ తెలుసు, "ఆ కమాండ్ కొట్టేయ్" అంటే మాత్రం రన్ చేసెయ్ అనా, స్క్రిప్ట్‌లోంచి ఆ లైన్ కొట్టేయ్ అనా? పక్కన కూర్చుని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తే అర్థమవుతుంది, రాత్రి ఫోన్‌లో మెసేజ్ చూసి చేసేవాడికి ఎలా అర్థమవుతుంది?

ఇక్కడ రూల్ ఒక్కటే పెట్టుకోండి. ఒకసారి చేస్తే వెనక్కి రాని పనులకి టూల్ వాడే మాటే వాడండి. డిలీట్, డ్రాప్, స్టాప్, స్టార్ట్, రీస్టార్ట్, రన్. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు మాట ఎక్కువైందని ఎవరూ ఏమీ అనుకోరు. "పాత బ్యాకప్‌లు డిలీట్ చెయ్, ఇవాళ్టిది మాత్రం ఉంచు" అంటే చచ్చినా రెండో అర్థం రాదు. బ్యాకప్ తీసుకోమనాలంటే "తీసుకో" అనండి, ఆ ఒక్క "కో" చాలు. జవాబు చెప్పేవాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టకుండా పని జరిగిందనడానికి గుర్తు కూడా రాయండి: "ఆర్డర్స్ డేటాబేస్ బ్యాకప్ తీసుకున్నా, 42 జీబీ వచ్చింది, 9:10కి పూర్తయింది, రాత్రి బ్యాకప్‌ల ఫోల్డర్‌లోనే ఉంది." ఇలా రాస్తే అడిగినవాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యక్కర్లేదు, పైగా 42 జీబీ బదులు 42 కేబీ అని వచ్చుంటే అక్కడికక్కడే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఏ మెషీన్ మీద అన్నది కూడా మింగెయ్యకూడదు. కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగింది చాలామందికి తెలిసే ఉంటుంది. రాత్రి రెప్లికేషన్ (ఒక సర్వర్ డేటా ఇంకో సర్వర్‌లోకి కాపీ అవ్వడం) సమస్యతో కుస్తీ పడుతున్న ఇంజనీర్ రెండో సర్వర్ అనుకుని మొదటి సర్వర్ మీద, అంటే లైవ్ డేటా ఉన్న ప్రైమరీ మీద, డేటా డైరెక్టరీ డిలీట్ చేసే కమాండ్ ఇచ్చారు. తేడా తెలిసి ఆపేలోపే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీనే మిగిలింది, చివరికి ఇంచుమించు 6 గంటల డేటాబేస్ మార్పులు పోయాయి. వాళ్ళు అంతా బయటపెట్టి రాసుకున్నారు కాబట్టి మనకి తెలిసింది. ఆ రెండు సర్వర్ల పేర్లకి తేడా ఒక్క అంకె, డీబీ1, డీబీ2. పేరు పూర్తిగా టైప్ చేసి ఉన్నా కళ్ళు మోసపోతాయి, అలాంటిది మనం "ఆ రెండోది", "మన పాత బాక్స్", "నిన్న చూసిందే" అని చెప్పుకుంటుంటే ఎదుటివాళ్ళు దేన్ని పట్టుకుంటారో ఆలోచించండి. హోస్ట్‌నేమ్, అంటే సర్వర్ పూర్తి పేరు, చాట్‌లో కాపీ పేస్ట్ చెయ్యండి. నోటితో చెప్తుంటే చివరి అంకె రెండుసార్లు చెప్పండి.

ఎవరు చెయ్యాలో చెప్పరు

తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. "లాగ్స్ చూడాలి", "క్లయింట్‌కి మెయిల్ పెట్టాలి", "సర్టిఫికెట్ రెన్యూ చేయించాలి". ఎవరు? మీటింగ్‌లో అందరూ తలూపుతారు, ప్రతి ఒక్కరూ వేరేవాళ్ళకే చెప్పారనుకుంటారు, రెండు వారాల తర్వాత సైట్ భద్రతకి పెట్టే ఆ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయి బ్రౌజర్‌లో సైట్ ఎర్రగా చూపిస్తుంటే అప్పుడు మొదలవుతుంది నేనన్నానుగా, నువ్వన్నావుగా అని.

"మనం" ఇంకో పెద్ద కేసు. మనకి మనం, మేము అని రెండుండటం నిజానికి అదృష్టం, ఎదుటివాళ్ళు కూడా అందులో ఉన్నారా లేదా అన్నది ఆ ఒక్క మాటతోనే తెలుస్తుంది. కానీ ఆఫీసులో మర్యాద కోసం "నువ్వు" అనాల్సిన చోట కూడా "మనం" అంటాం. లీడ్ "మనం టెస్ట్ కేసులు రాసేసుకోవాలి" అంటే ఆయన మనసులో నువ్వు రాయాలి అని, విన్నవాళ్ళకి మాత్రం ఇద్దరం కూర్చుని రాద్దాం అని. జూనియర్ ఆయన పిలుస్తారని ఎదురు చూస్తుంటాడు. ఆయన వీడింకా పంపలేదేంటి అనుకుంటాడు. మర్యాదగా చెప్పాలంటే "ఈ టెస్ట్ కేసులు నువ్వు రాస్తావా, బుధవారం ఇద్దరం కలిసి చూద్దాం" అనొచ్చు కదా, ఇందులో మర్యాద ఎక్కడికీ పోలేదు, ఎవరి పని ఏంటో కూడా తెలిసింది.

పేరు పెట్టి చెప్పడం చాలామందికి మొహమాటం, ముఖ్యంగా వయసులో పెద్దవాళ్ళకి పని చెప్పాల్సి వచ్చినప్పుడు. గారు పెట్టి, అండి పెట్టి అడగండి, కానీ అడగండి. "లక్ష్మి గారూ, సర్టిఫికెట్ రెన్యువల్ మీరు చూసుకుంటారా అండి? గడువు 18తో అయిపోతుంది." ఇంతకన్నా ఏం కావాలి.

అయిపోయింది అంటే ఎంతవరకు అయింది

డెవలపర్ నోట్లో "అయిపోయింది" అంటే నా లాప్‌టాప్‌లో నడుస్తోంది అని. టెస్టర్ చెవికి అదే మాట టెస్ట్ సర్వర్‌లో పెట్టేసాం వచ్చి చూస్కో అని వినపడుతుంది. మేనేజర్‌కి యూజర్ల దగ్గరికి వెళ్ళిపోయింది అని, ఆయన అదే క్లయింట్‌కి చెప్పేస్తాడు. ఫిక్స్ అయింది, డన్, ఎక్కించేసా, ఇవన్నీ ఇదే జాతి. ఏ మెట్టు మీద ఉందో చెప్పడం అలవాటు చేసుకోండి: కోడ్ రాసా, రివ్యూకి పెట్టా (ఇంకొకరు చదివి చూడాలి), మెర్జ్ అయింది (అసలు కోడ్‌లో కలిసింది), స్టేజింగ్‌లో ఉంది (టెస్ట్ సర్వర్ మీద), ప్రొడక్షన్‌లో ఉంది (యూజర్లు వాడే చోట). టీమ్ అంతా ఈ అయిదు మాటలే వాడితే "దాదాపు అయిపోయింది" లాంటి మాట అసలు అవసరమే రాదు.

క్రియల్లో ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. "ఈ జాబ్ టెంప్ టేబుల్ క్లియర్ చేస్తుంది" అని డాక్యుమెంట్‌లో రాసారనుకోండి. రోజూ చేస్తుందనా, ఇప్పుడు రన్ చేస్తే చేస్తుందనా, ఇంకా రాయలేదు ముందుముందు చేస్తుందనా? తెలుగులో "చేస్తుంది" మూడింటికీ సరిపోతుంది. "నేను అలర్ట్స్ చూస్తా" కూడా అంతే, ఎప్పుడూ చూస్తుంటావా, ఈ రాత్రికి చూస్తానంటున్నావా? ముందు ఒక్క మాట పెట్టండి చాలు. "రోజూ రాత్రి 2కి క్లియర్ చేస్తుంది", "ఈ రాత్రి అలర్ట్స్ నేనే చూస్తా".

ఇది ప్రత్యేకంగా చెప్పాలి ఎందుకంటే ఆంధ్ర, తెలంగాణ వాళ్ళు కలిసి పనిచేసే ప్రతి టీమ్‌లో వస్తుంది. చాట్‌లో "డిప్లాయ్ చేసిన బిల్డ్ చూడు" అని వచ్చింది (డిప్లాయ్ అంటే సర్వర్ మీదికి ఎక్కించడం, బిల్డ్ అంటే ఎక్కించే వెర్షన్). వరంగల్ అబ్బాయి రాసాడు, అతని భాషలో "చేసిన" అంటే నేను చేశాను, అంటే డిప్లాయ్ చేసిన, ఇక బిల్డ్ చూడు అని కబురు. చదివింది భీమవరం అమ్మాయి, ఆమెకి అది "డిప్లాయ్ చేసినటువంటి బిల్డ్", ఎప్పుడో నిన్న చేసింది చూడమంటున్నాడు అనుకుంది. నిన్నటి బిల్డ్ చూసి బగ్ ఇంకా ఉంది అని రాసింది, అతనికి కోపం. ఇద్దరి తెలుగూ కరెక్టే, ఒకరి యాస ఇంకొకరు మార్చుకోవాలనే ఆలోచనే వద్దు, నాకు ఆ మాట వింటేనే బాధ. మధ్యలో ఒక చుక్క పెట్టి బిల్డ్ నంబర్ రాస్తే చాలు: "డిప్లాయ్ చేసిన. 214 బిల్డ్ చూడు." ఆడియో కాల్‌లో అయితే అసలు ఇబ్బందే ఉండదు, చేసిన తర్వాత ఆగే తీరులోనే తెలిసిపోతుంది. టైప్ చేసేటప్పుడే ఆ ఆగడం పోతుంది.

రేపు, మొన్న, రాత్రి 12

టైము గురించి త్వరగా చెప్పేస్తా. "మొన్నటి రిలీజ్" అంటే కొందరికి నిన్నటికి ముందురోజు, కొందరికి ఈ మధ్య ఎప్పుడో. "రేపొద్దున లోడ్ పెరిగితే" అంటే ముందుముందు ఎప్పుడైనా అని, కానీ కొత్తగా చేరినవాళ్ళు పాపం రేపు పొద్దునే ఏదో సేల్ ఉందనుకుని కంగారు పడొచ్చు. "శుక్రవారం రాత్రి 12కి డౌన్‌టైమ్" అంటే గురువారం వెళ్ళి శుక్రవారం వచ్చేదా, శుక్రవారం వెళ్ళి శనివారం వచ్చేదా? 11:55 అనో 12:30 అనో పెట్టి తారీఖు రాయండి. తారీఖు కూడా 03/04 అని రాస్తే మనకి ఏప్రిల్ 3, అమెరికా వాళ్ళకి మార్చి 4, నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. ఐఎస్‌టీ అని రాస్తే మనకి మన టైమే, డబ్లిన్‌లో టీమ్ ఉంటే వాళ్ళకి అది ఐరిష్ టైమ్, టెల్ అవీవ్‌లో ఉంటే ఇజ్రాయెల్ టైమ్, కాబట్టి హైదరాబాద్ టైమ్ అని రాసి పక్కన యూటీసీ (ప్రపంచమంతా ఒకటే ఉండే టైమ్) కూడా పెట్టండి. ఇంకోటి, మన గడియారం ఏడాదంతా ఒకటే, అమెరికాలో మార్చిలోను నవంబర్లోను మారుతుంది. డల్లాస్‌లో పొద్దున 9కి ఉండే కాల్ మనకి ఎండాకాలంలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. "రోజూ ఉండే టైమ్‌కే" అని రాస్తే ఆ మార్పు వారంలో ఎవరో ఒకరు గంట ముందో వెనకో వచ్చి కూర్చుంటారు.

ఓకే అంటే ఏంటి

ఓకే అంటే విన్నాను అనా, ఒప్పుకున్నాను అనా, చేస్తాను అనా, చేసెయ్ అని పర్మిషన్ ఇచ్చినట్టా? ఈ ఒక్క మాట ఎంత దూరం వెళ్తుందో విమానాల వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లో టెనెరిఫే ఎయిర్‌పోర్ట్‌లో పొగమంచు. కేఎల్ఎమ్ విమానం రన్‌వే చివర నిలబడి ఉంది, అదే రన్‌వే మీద పాన్ ఆమ్ విమానం ఇంకా మెల్లగా నడుస్తోంది. కేఎల్ఎమ్ వాళ్ళు రేడియోలో మేము టేకాఫ్ దగ్గర ఉన్నాం అన్నట్టు చెప్పారు, అది బయల్దేరుతున్నాం అనా, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాం అనా అన్నది కంట్రోలర్‌కి స్పష్టంగా లేదు. ఆయన ఓకే అన్నాడు, ఆ వెంటనే ఆగండి, నేను పిలుస్తా అన్నాడు, కానీ సరిగ్గా అప్పుడే పాన్ ఆమ్ వాళ్ళు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని మాట్లాడటంతో రెండు సిగ్నల్స్ కలిసి కీచుమన్న శబ్దం వచ్చింది, కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో తేటగా వినపడింది ఆ ఓకే ఒక్కటే. కేఎల్ఎమ్ విమానం వెళ్ళి పాన్ ఆమ్ విమానాన్ని గుద్దేసింది, 583 మంది చనిపోయారు. పొగమంచు, తొందర, ఇంకా చాలా కారణాలున్నాయి, కానీ దాని తర్వాత రేడియో మాటలే మార్చేసారు. టేకాఫ్ అన్న మాట అసలైన అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చింది రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదు, మిగతా అన్ని చోట్లా డిపార్చర్ అనాలి. ముఖ్యమైన ఆదేశాలకి ఓకే అంటే చాలదు, విన్నది మళ్ళీ తిరిగి చెప్పాలి.

మన పనికి ఈ తిరిగి చెప్పడం ఒక్కటి తెచ్చుకుంటే చాలా మారుతుంది. "ఆర్డర్స్ సర్వీస్ రీస్టార్ట్ చెయ్, పేమెంట్స్ ముట్టుకోకు" అని మెసేజ్ వస్తే థంబ్స్అప్ పెట్టి వదిలెయ్యకండి, "ఆర్డర్స్ రీస్టార్ట్ చేస్తున్నా, పేమెంట్స్ అలాగే ఉంచుతున్నా" అని రాయండి. పది సెకన్ల పని. మొదట్లో చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది, ప్రొడక్షన్ మీద చెయ్యి వేసేటప్పుడు మాత్రమే చేస్తే ఎవరికీ విసుగు రాదు.

ఆఁ ఆఁ, ఊఁ, హా అని మనం వింటూ అనే మాటలు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనలో మనకి అది వింటున్నా చెప్పు అని. కాల్‌లో అమెరికా వాళ్ళుంటే అదే అలవాటుతో యెస్ యెస్ అంటుంటాం, వాళ్ళు గడువుకి ఒప్పుకున్నారనుకుని రాసేసుకుంటారు. చివర్లో ఒకసారి "మీరు చెప్పింది అర్థమైంది, 20కి ఇవ్వగలమా లేదా అన్నది రేపు మధ్యాహ్నంలోపు చెప్తాం" అని విడిగా చెప్పండి.

మెత్తగా చెప్తే ఎవరూ కదలరు

మన మొహమాటం ఎమర్జెన్సీలో కూడా వదలదు. "అన్నా కొంచెం ఫ్రీ అయితే ఒకసారి చూస్తారా, ఏదో చిన్న ఇష్యూ లాగుంది" అని మెసేజ్ పెడతారు, చూస్తే పేమెంట్స్ మొత్తం ఫెయిల్ అవుతున్నాయి. అన్న అన్నం తిని వచ్చి చూస్తాడు, ఆయన తప్పేం లేదు. 1990 జనవరి 25న ఏవియాంకా 52 విమానం న్యూయార్క్ వెళ్ళే దారిలో మొత్తం గంటకి పైగా చక్కర్లు కొట్టి ఇంధనం అయిపోయి కూలిపోయింది, 158 మందిలో 73 మంది పోయారు. పైలట్లు ప్రయారిటీ కావాలన్నారు, ఇంధనం తగ్గిపోతోంది అన్నారు, ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం కంట్రోలర్లకి చెప్పలేదు. ఆ మాట ఉంటే కంట్రోలర్ మిగతా విమానాలన్నీ పక్కకి జరిపి దారి ఇవ్వాల్సిందే, ప్రయారిటీకి ఆ బలం లేదు.

మీ టీమ్‌లో కూడా అలాంటి మాట ఒకటి ఖాయం చేసుకోండి. సెవ్ 1 అనుకోండి, పీ1 అనుకోండి, ఏదైనా సరే, ఆ మాట వస్తే అందరూ చేతిలో పని వదిలేసి వస్తారు అని. జూనియర్‌కి కూడా ఆ మాట వాడే హక్కు ఉందని అందరిముందు చెప్పండి, తర్వాత చూస్తే చిన్నదే అని తేలినా ఒక్క మాట అనొద్దు. ఆ తర్వాత వివరం: "పీ1. పేమెంట్స్ అన్నీ 10:42 నుంచి ఫెయిల్, 500 ఎర్రర్, ఆప్‌లోను వెబ్‌లోను కూడా." "సైట్ పోయింది" అంటే ఎవరికీ ఏమీ తెలీదు.

తెలుగులో ఒక గొప్ప సదుపాయం ఉంది, "అట". "డేటాబేస్ డౌన్ అయిందట" అంటే నేను చూడలేదు, ఎవరో చెప్పారు అని ఒక్క అక్షరంలో వచ్చేస్తుంది. ఇన్సిడెంట్ టైమ్‌లో దీన్ని జాగ్రత్తగా వాడండి, ఇంకొకరికి చెప్పేటప్పుడు రాల్చెయ్యకండి. ఒకరు "క్యాష్ వల్ల అనుకుంటా" అంటారు (క్యాష్ అంటే డేటా త్వరగా దొరకడానికి దగ్గర పెట్టుకునే కాపీ), రెండో మనిషి "క్యాష్ వల్లనట" అంటాడు, మూడో మనిషి అందరూ ఉన్న బ్రిడ్జ్ కాల్‌లో "క్యాష్ వల్ల" అనేస్తాడు, ఇక నలుగురు కూర్చుని బాగానే ఉన్న క్యాష్‌ని తవ్వుతుంటారు, అసలు కారణం ఇంకెక్కడో ఉంటుంది. ఎవరైనా కారణం చెప్తే "చూసి చెప్తున్నారా, అనుకుంటున్నారా అండి?" అని అడగడం తప్పు కాదు, అడిగించుకున్నవాళ్ళు ఫీల్ అవ్వకూడదు కూడా.

కోడ్ రివ్యూలో

"ఎవడ్రా రాసింది ఇది" అని సరదాగానే అంటాం. అది రాసిన మనిషి పక్క సీట్లోనే ఉండొచ్చు, కాల్‌లో మ్యూట్‌లో ఉండొచ్చు. పైగా ప్రతి లైన్ పక్కన ఒక పేరు చూపించే గిట్ బ్లేమ్‌లో వచ్చే పేరు ఆ లైన్ చివరిసారి ముట్టుకున్నవాళ్ళది, స్పేస్‌లు సర్దినవాళ్ళ పేరు కూడా వస్తుంది, అసలు లాజిక్ ఇంకెవరిదో అయ్యుండొచ్చు. చెత్త కోడ్, దరిద్రంగా ఉంది, బుర్ర పెట్టలేదు, ఇలాంటి మాటల్లో కోడ్ మార్చుకోవడానికి పనికొచ్చే సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. "లిస్ట్ ఖాళీగా వస్తే 48వ లైన్‌లో క్రాష్ అవుతుంది, ముందు చెక్ పెట్టాలి" అన్నదాంట్లో ఉంది.

"ఎందుకు ఇలా చేసావ్?" అన్నది నిజంగా తెలుసుకోవడానికే అడిగినా రాతలో చదివితే మందలించినట్టే ఉంటుంది, చిన్నప్పటి నుంచి మనల్ని ఆ ప్రశ్న ఎవరు ఎప్పుడు అడిగారో గుర్తు తెచ్చుకోండి. "ఇక్కడ మ్యాప్ బదులు లిస్ట్ తీసుకోడానికి ఏమైనా కారణం ఉందా?" అంటే జవాబు వస్తుంది. వెటకారం అయితే అసలు రాతలో పెట్టకండి. మెయిల్‌లో మన వెటకారం ఎదుటివాళ్ళకి ఎంత బాగా అర్థమవుతుందో మనం చాలా ఎక్కువగా అంచనా వేసుకుంటామని 2005లో అమెరికాలో క్రూగర్, ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు, వాళ్ళ సహచరులు కలిసి చేసిన ప్రయోగాల్లో తేలింది. మన గొంతు మనకి లోపల వినపడుతుంటుంది కాబట్టి అందరికీ వినపడుతుందనుకుంటాం.

ఏది తప్పనిసరి, ఏది మీ ఇష్టం అన్నది కూడా తెలియాలి. "ఇక్కడ లాగ్ పెడితే బాగుండేది" అంటే పెట్టకపోతే అప్రూవ్ చెయ్యరా? ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళకి ఇదే సమస్య వస్తే స్కాట్ బ్రాడ్నర్ 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రం రాసారు, మస్ట్ అంటే తప్పదు, షుడ్ అంటే గట్టి కారణం ఉంటే తప్ప చెయ్యాలి, మే అంటే మీ ఇష్టం. ఆ తర్వాత మామూలుగా చిన్న అక్షరాల్లో రాసినవాటికి కూడా ఈ అర్థమేనా అని జనం తికమక పడితే 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 వచ్చి పెద్ద అక్షరాల్లో రాస్తేనే ఆ అర్థం అని తేల్చింది. గూగుల్ వాళ్ళు బయటపెట్టిన రివ్యూ గైడ్‌లో కూడా కామెంట్ ముందు నిట్ (చిన్న విషయం), ఆప్షనల్, ఎఫ్‌వైఐ (తెలియడానికి మాత్రమే) అని పెట్టమంటారు. మనం తెలుగులో "తప్పదు:", "కుదిరితే:", "ఊరికే చెప్తున్నా:" అని పెట్టుకోవచ్చు, చాలా బాగా పనిచేస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి దీనివల్ల పెద్ద ఉపశమనం, లేకపోతే సీనియర్ రాసిన ప్రతి మాటా ఆజ్ఞ అనుకుని రాత్రంతా కూర్చుంటారు.

"జస్ట్", "సింపులే కదా", "ఇదేముంది", "ఇది కూడా తెలీదా" గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇవి విన్న జూనియర్ రెండోసారి అడగడు. అడక్కుండా రెండు రోజులు ఒక్కడే కొట్టుకుంటాడు, లేదా అర్థం కాకుండానే ఎక్కడో కాపీ కొట్టి పెట్టేస్తాడు, దాని ఖర్చు టీమే కడుతుంది. సింపుల్ అనే మాట తీసేసి మిగతా వాక్యం చెప్పండి, వాక్యానికి ఏ లోటూ రాదు. "ఇంకా అవ్వలేదా?" బదులు "ఎక్కడిదాకా వచ్చింది? ఏమైనా ఆగిందా?" అని అడిగి చూడండి, అసలు విషయం బయటికి వస్తుంది.

వాడు, అది, బ్రో

పిలుపుల విషయంలో అందరికీ ఒకే రూల్ కుదరదు. ఒక చోట అన్నా అంటే గౌరవం, ఇంకో చోట చనువు తీసుకున్నట్టు. నువ్వు అంటే కొందరికి దగ్గరితనం, గోదావరి వైపు నుంచి వచ్చిన చాలామందికి మొదటి రోజే నువ్వు అంటే కాస్త గుచ్చుకుంటుంది. మొదట మీరు అని మొదలుపెట్టండి, వాళ్ళే నువ్వు అనండి అంటే అప్పుడు మారండి. ఒకే టీమ్‌లో ఒకే వయసు వాళ్ళలో ఒకరిని మీరు, ఇంకొకరిని నువ్వు, మూడోవాళ్ళని ఒరేయ్ అని పిలుస్తుంటే ఎవరు లోపలివాళ్ళో ఎవరు బయటివాళ్ళో పిలుపులోనే తెలిసిపోతుంది, ఆ ఒరేయ్ గుంపు మాటల్లోనే డిజైన్ నిర్ణయాలు కూడా అయిపోతుంటాయి, మిగతావాళ్ళకి తర్వాత తెలుస్తుంది. టీమ్‌లో ఆడవాళ్ళకి ఇది ఎక్కువ జరుగుతుంది.

లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు ఇంకా జాగ్రత్త. "వాడు పంపలేదు", "అది చూడలేదు" అని ఆడమనిషి గురించి అనడం నేను ఇప్పటికీ వింటున్నా, కాల్ రికార్డ్ అవుతుంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ అందరికీ వెళ్తుంది. మర్యాద ఒక్కటే కాదు, స్పష్టత కూడా పోతుంది. "అది ఇంకా రెస్పాండ్ అవ్వట్లేదు" అంటే సర్వీసా, స్వాతి గారా? పేరు చెప్పండి, రెండు సమస్యలూ పోతాయి. తెలుగు రాని వాళ్ళు కాల్‌లోకి రాగానే భాష మార్చడం, అప్పటిదాకా తెలుగులో అనుకున్నది రెండు వాక్యాల్లో వాళ్ళకి చెప్పడం మాత్రం మర్చిపోకండి.

ఇంగ్లీషులో మెయిల్ పెట్టేటప్పుడు

మన ఇంగ్లీషులో రెండు మూడు మాటలు బయటి టీమ్స్‌తో ఇబ్బంది పెడతాయి. "ప్లీజ్ రివర్ట్" అంటే మనకి జవాబివ్వండి అని. డెవలపర్‌కి గిట్ రివర్ట్, అంటే చేసిన మార్పు వెనక్కి తియ్యమని. రిలీజ్ గురించిన మెయిల్ చివర్లో ఆ మాట పెడితే ఏమవుతుందో ఊహించుకోండి, దాని బదులు రిప్లై అని రాయండి. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మనకి ప్రశ్న ఉంది అని, అవతలివాళ్ళకి మీ డిజైన్ మీద నమ్మకం లేదు అని వినపడుతుంది, క్వశ్చన్ అంటే సరి. "విల్ ట్రై" అని మనం మర్యాదగా కుదరదు అని చెప్తాం, వాళ్ళు చేస్తారనుకుంటారు. కుదరకపోతే కుదరదని చెప్పి ఎప్పటికి కుదురుతుందో రాయండి.

ఇవన్నీ ఒకేసారి టీమ్ మీద రుద్దితే ఎవరూ వినరు. షిఫ్ట్ మారేటప్పుడు రాసే హ్యాండోవర్ మెసేజ్‌తో మొదలుపెట్టండి, అన్ని తేడాలూ అక్కడే ఎక్కువ వస్తాయి. నేను మా వాళ్ళకి ఇచ్చే నమూనా ఇది, మీ పేర్లు మార్చుకుని వాడుకోండి:

"ఆర్డర్స్ సర్వీస్ 2.8 ప్రొడక్షన్‌లో ఉంది, మంగళవారం 14 రాత్రి 9:40 హైదరాబాద్ టైమ్‌కి డిప్లాయ్ చేశాను. పాత వెర్షన్ డిలీట్ చెయ్యలేదు, కావాలంటే 2.7కి వెళ్ళొచ్చు. డేటాబేస్ బ్యాకప్ తీసుకున్నా, 9:10ది. మెమరీ కొంచెం పెరుగుతోంది, ఇది నేను గ్రాఫ్‌లో చూశాను. రిపోర్ట్స్ స్లోగా ఉన్నాయట, సపోర్ట్ వాళ్ళు చెప్పారు, నేను చూడలేదు. రవి, రాత్రి 1కి మెమరీ గ్రాఫ్ నువ్వు చూడాలి, 80 శాతం దాటితే నాకు ఫోన్ చెయ్యి, మెసేజ్ వద్దు. చదివాక ఏం చెయ్యాలో నీ మాటల్లో తిరిగి రాయి, అప్పుడు నేను లాగాఫ్ అవుతా."